వెర్రికి కూడా ఒక లెక్క ఉండాలి

పరమానందయ్యగారు సూది తెమ్మని పంపితే శిష్యులు దాన్ని ఒక తాటిదూలానికి గుచ్చి, ఆ దూలాన్ని అందరూ కలిసి భుజాల మీద మోసుకొచ్చారు. ఈ కథ విని నవ్వని తెలుగు పిల్లలు ఉండరు. అయితే ఎందుకు నవ్వొస్తోందని కాస్త ఆగి చూస్తే, వాళ్ళు చేసిన పనిలో అడుగడుగునా ఒక లెక్క కనిపిస్తుంది. గురువుగారి పని కాబట్టి పుణ్యం అందరికీ రావాలి, అంటే అందరూ మోయాలి, సూదిని పట్టుకోవడానికి అన్ని చేతులకి చోటు చాలదు, కాబట్టి చోటున్న వస్తువుకి సూదిని గుచ్చి ఆ వస్తువుని మోయాలి. ఏరు దాటే కథ కూడా ఇలాంటిదే. ఏరు నిద్రపోతోందా మేలుకుని ఉందా అని తెలుసుకోవడానికి మండుతున్న కొరివి నీళ్ళల్లో పెడతారు, అది చుయ్యిమంటుంది, అమ్మో ఇంకా మేలుకునే ఉందని ఒడ్డునే కూలబడతారు. ఏటికి నిద్ర ఉంటుందన్న మొదటి నమ్మకం ఒక్కటే తప్పు, ఆ తర్వాత వాళ్ళు చేసిందంతా ప్రయోగశాలలో చేసినంత పద్ధతిగా ఉంటుంది.

తెలివితక్కువ పాత్రల మీద నడిచే కామెడీ సినిమాలు ఎందుకు ఆడతాయి, ఎందుకు పోతాయి అన్న ప్రశ్నకి సగం జవాబు ఈ తాటిదూలం దగ్గరే ఉంది. వెర్రివాడు ఏదో ఒకటి తప్పుగా నమ్మాలి, ఆ నమ్మకం నుంచి తన లెక్క ప్రకారం తాను నిజాయితీగా నడవాలి, చూసేవాళ్ళకి ఆ లెక్క అర్థం కావాలి. అర్థమైతేనే తర్వాత ఏం చేస్తాడో ఊహించగలం, ఊహించినదానికంటే వాడు ఇంకో రెండడుగులు ముందుకి పోయినప్పుడు నవ్వు పొంగుతుంది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడన్న సామెతలో కూడా అదే ఉంది. ఈనాక దూడని కట్టెయ్యడం ఇంటి యజమాని చెయ్యాల్సిన పనే కదా, ఈనిందెవరు అన్నదొక్కటే వాడు చూసుకోలేదు.

ఆడని సినిమాల్లో ఇది తలకిందులవుతుంది. పాత్రకి సొంత లెక్కంటూ ఉండదు, సీన్‌కి ఏది కావాలో అంత తెలివి, అంత తెలివితక్కువతనం రచయిత పోస్తూ ఉంటాడు. మొదటి సీన్‌లో తలుపు లాగాలో తొయ్యాలో తెలియనివాడు పది నిమిషాల తర్వాత హీరోయిన్ వాళ్ళ నాన్నకి అదిరిపోయే కౌంటర్ వేస్తాడు, ఇంకో పది నిమిషాలకి మళ్ళీ అరటితొక్క మీద జారిపడతాడు. చూసేవాడికి ఆ మనిషి మీద పట్టు దొరకదు. థియేటర్లో నవ్వు రాకపోతే కథలో దమ్ము లేదనో టైమింగ్ కుదరలేదనో అంటుంటారు గానీ చాలాసార్లు అసలు సంగతి ఆ పాత్రకి ఒక బుర్ర లేకపోవడం. తక్కువ బుర్రయినా ఫరవాలేదు, సినిమా మొదటినుంచి చివరిదాకా అదే బుర్ర ఉండాలి.

మన విశాఖనే తీసుకుంటే, ఈ ఊళ్ళో తిరిగిన తెలివితక్కువ హీరోల్లో అందరికంటే ముందు గుర్తొచ్చేది 1986 నాటి చంటబ్బాయ్. జంధ్యాల ఇక్కడే తీశారు. ఆ రోజుల్లో యాక్షన్ హీరోగా మంచి ఊపు మీదున్న చిరంజీవి అందులో పాండురంగారావు అనే డిటెక్టివ్, తన పేరు తానే జేమ్స్ పాండ్ అని పెట్టుకున్నవాడు. ఆ పేరులోనే పాత్ర మొత్తం ఉంది. అతను సోమరి కాదు, పిరికివాడు కాదు, మోసగాడు అసలే కాదు, తనని తాను ప్రపంచంలోకెల్లా గొప్ప డిటెక్టివ్ అనుకుంటున్నాడు, అంతే. ఆ ఒక్క నమ్మకం ఇచ్చేశాక మారువేషాలు, అనుమానాలు, వెంటపడటాలు అన్నీ వాటంతటవే వరసగా వచ్చేస్తాయి, ఎక్కడా కావాలని ఇరికించినట్టు ఉండదు.

తెలుగులో తెలివితక్కువ డిటెక్టివ్‌కి పెద్ద వంశమే ఉంది. 1955లో మిస్సమ్మలో అక్కినేని నాగేశ్వరరావు వేసిన రాజు పాత్ర అదే. తప్పిపోయిన అమ్మాయిని పాదం మీద పుట్టుమచ్చ చూసి పట్టుకోవాలని సావిత్రి కాళ్ళ వెంట పడే ఆ కుర్రాడిని చూసి ఇంట్లో అందరూ విసుక్కుంటారు గానీ, చివరికి అతని అనుమానమే నిజమవుతుంది! రచయిత చక్రపాణి, దర్శకుడు ఎల్వీ ప్రసాద్‌లు ఆ పాత్రకి ఇచ్చిన మర్యాద అది. నవ్వుకోవడానికి పెట్టిన మనిషి చేతే కథ ముడి విప్పించారు. 2019లో వచ్చిన ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ కూడా ఇదే దారిలో నడిచింది. నెల్లూరులో ఎఫ్‌బీఐ అని బోర్డు పెట్టుకుని కూర్చునే కుర్రాడితో మొదట నవ్వించి, మెల్లగా అతన్ని నిజమైన కేసులోకి దించింది. ఈ వృత్తే ఇన్నిసార్లు ఎందుకంటే, డిటెక్టివ్ పని పూర్తిగా తెలివి మీద నడిచేది. తెలివే పెట్టుబడిగా ఉన్న చోట తెలివి తక్కువైనవాడు నిలబడితే ప్రతి నిమిషం పరీక్షే, రచయిత కొత్తగా ఇబ్బందులు సృష్టించక్కర్లేదు. అదే మనిషిని తీసుకెళ్ళి పనీపాటా లేకుండా అరుగు మీద కూర్చోబెడితే వాడి తెలివితక్కువతనానికి తగిలే రాయే ఉండదు. ఇటీవల చాలా సినిమాలు హీరోని ఆవారాగా, ఫ్రెండ్స్‌తో మందు కొట్టే కుర్రాడిగా మాత్రమే చూపించి ఆగిపోతున్నాయి. ఏదో ఒకటి గట్టిగా కావాలనుకోని వెర్రివాడితో రెండున్నర గంటలు నడపడం చాలా కష్టం.

చంటబ్బాయ్‌లోనే శ్రీలక్ష్మి పాత్ర చూడండి. కవిత్వం రాసి పత్రిక ఎడిటర్ని పీడించే మనిషి. ఆమె సీన్లు సినిమాలో ఉన్నదే కొద్దిసేపు, నలభై ఏళ్ళు కావస్తున్నా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. తన కవిత్వం గొప్పదని ఆమెకి రవ్వంత అనుమానం కూడా లేదు, శ్రీలక్ష్మి ముఖంలో ఎక్కడా 'నేను జోక్ చెబుతున్నాను' అన్న జాడ కనిపించదు. వెర్రి పాత్ర వేసే నటుడికి మొదటి పాఠం ఇదే. పాత్రకి తాను తెలివైనదే. నటుడు కళ్ళు తిప్పి, నాలిక బయటపెట్టి, ప్రేక్షకుడికి సైగ చేసినట్టు నటించాడంటే తాను ఆ పాత్ర కంటే తెలివైనవాణ్ణని చెప్పుకున్నట్టే, అప్పుడిక తెరమీద వెర్రివాడు ఎవరూ మిగలరు. మాయాబజార్‌లో రేలంగి లక్ష్మణకుమారుణ్ణి ఎలా వేశారో ఈసారి చూసినప్పుడు గమనించండి. ఆ రాకుమారుడు తన అందం మీద, తన పరాక్రమం మీద పూర్తి నమ్మకంతో ఉంటాడు. పక్కనున్నవాళ్ళు పొగిడితే అది న్యాయంగా తనకి రావాల్సిందేనన్నట్టు తీసుకుంటాడు. ఆ ధీమా వల్లే పెళ్ళిపీటల మీద మాయాశశిరేఖ చేతిలో హడలిపోయినప్పుడు అంత నవ్వొస్తుంది.

ఇప్పుడొచ్చే కొన్ని కామెడీల్లో నటుడు చెయ్యకూడని ఆ సైగని రీరికార్డింగ్ చేస్తోంది. ప్రతి డైలాగు చివర ఒక టింగుమనే శబ్దం, ప్రతి రియాక్షన్‌కి ఒక వింత మ్యూజిక్. ఇక్కడ నవ్వండి అని చెయ్యిపట్టి చెప్పాక నవ్వెలా వస్తుంది?

ఇంకో సంగతి, వెర్రివాడి పక్కన మామూలు మనిషి ఉండాలి. అహ నా పెళ్ళంటలో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ సీన్ అంత పేలడానికి సగం కారణం కోట అయితే, మిగతా సగం అది చూసి నోరెళ్ళబెట్టాల్సిన గతి పట్టిన మనుషులు ఆ ఇంట్లో ఉండటం. ఆ సినిమాతోనే బ్రహ్మానందానికి పెద్ద పేరొచ్చింది, అరగుండు పాత్రలో ఆయన చేసిందల్లా ఆ ఇంట్లో బతకలేక, బయటికి పోలేక, కడుపు మాడ్చుకుని లోలోపల ఉడికిపోవడం. అంటే తెలుగువాళ్ళు మూడు దశాబ్దాలకి పైగా నవ్వుతున్న నటుడు మొదట పేరు తెచ్చుకున్నది వెర్రి చేసి కాదు, ఎదుటివాడి వెర్రిని భరించి. ఆయన ముఖం పాత్రకీ ప్రేక్షకుడికీ మధ్య వంతెనలా పనిచేసింది, మనకి ఏమనిపిస్తోందో అది ముందుగా ఆయన ముఖంలో కనిపించేది.

ఈ మామూలు మనిషి లేకపోతే ఏమవుతుందో చూడాలంటే తెరమీద ఉన్నవాళ్ళందరూ వెర్రివాళ్ళే అయిన సినిమా ఏదైనా చూడొచ్చు. హీరో వెర్రివాడు, హీరోయిన్ వెర్రిది, పోలీసు వెర్రివాడు, విలన్ ఇంకా వెర్రివాడు. మొదటి అరగంట సరదాగానే ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది, ఇంటర్వెల్ దాటేసరికి ఎవరు ఏం చేసినా వింతగా ఉండదు. పొడుగువాణ్ణి పొడుగువాడని తెలియాలంటే పక్కన మామూలు ఎత్తు మనిషి ఉండొద్దా! లారెల్, హార్డీ ఇద్దరూ తెలివితక్కువవాళ్ళే అయినా ఆ జంట నిలబడ్డానికి హార్డీ తనకి తెలివుందని నమ్మడమే కారణం. లారెల్‌కి ఆ భ్రమ లేదు. ఇద్దరి మధ్య ఆ చిన్న తేడా చాలు, ఒకడు ఇంకొకడిని సరిదిద్దబోయి ఇద్దరూ గోతిలో పడతారు.

మరి జాతిరత్నాలు సంగతేంటని అడగొచ్చు. 2021 మార్చిలో శివరాత్రికి వచ్చి తెలుగు రాష్ట్రాలంతటా ఇంటిల్లిపాదినీ థియేటర్లకి లాక్కొచ్చిన ఆ సినిమాలో హీరోలు ముగ్గురూ వెర్రివాళ్ళే కదా. నిజమే, అందుకే అది జాగ్రత్తగా చూడాల్సిన సినిమా. దర్శకుడు అనుదీప్ అందులో ముగ్గురికీ కలిపి ఒకటే నమ్మకం ఇచ్చాడు, ఏదైనా అదే సర్దుకుంటుందని. జోగిపేటలో లేడీస్ ఎంపోరియం వదిలేసి హైదరాబాద్ పోతే బాగుపడిపోతాం, ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటే ఎలాగో బయటపడిపోతాం, కోర్టులో వకీలు లేకపోతే మనమే వాదించేసుకుంటాం. ఆ ముగ్గురికీ భయం అనేది ఆలస్యంగా తగులుతుంది. కానీ వాళ్ళ చుట్టూ ఉన్న ప్రపంచం మాత్రం మామూలుదే, కేసు నిజంది, జైలు నిజంది, మురళీ శర్మ చేసిన ఎమ్మెల్యే కోపం నిజంది. జడ్జి కుర్చీలో బ్రహ్మానందాన్ని కూర్చోబెట్టడం తెలివైన పని, ఎందుకంటే ఆ కోర్టు సీన్‌లో మళ్ళీ ఆయన పని అరగుండు పనే, ఎదురుగా జరుగుతున్నది వినడం, తట్టుకోవడం. పైగా ఆ కుర్రాళ్ళు ఎవరి చెడూ కోరరు. నవీన్ పోలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ఒకరి మీద ఒకరు ఎన్ని సెటైర్లు వేసుకున్నా వదిలి మాత్రం పోరు. ఏడాది పాటు ఇళ్ళల్లో కరోనా భయంతో మగ్గిన జనానికి టెన్షన్ అనేదే ఒంటికి పట్టని ముగ్గురు మనుషులు దొరకడం కూడా కలిసొచ్చింది, దాన్ని కాదనలేం. అదే దర్శకుడు మరుసటి ఏడాది తమిళ హీరో శివకార్తికేయన్‌తో ప్రిన్స్ తీస్తే ఆ స్పందన రాలేదు. డైలాగుల తీరు అదే, ఆ నిదానం అదే. కానీ ఊళ్ళో ప్రతి మనిషీ అదే తరహాలో మాట్లాడుతుంటే హీరో వెర్రికి విలువ లేకుండా పోయింది, పైగా జోగిపేట కుర్రాళ్ళ కేసులాంటి గట్టి ముడి కథలో లేదు.

మళ్ళీ విశాఖకి వస్తే, 2004లో శ్రీను వైట్ల తీసిన వెంకీ. పనీపాటా లేకుండా తిరిగే వైజాగ్ కుర్రాళ్ళు, పోలీసు ఉద్యోగాలకి ఎంపికై హైదరాబాద్ ట్రైన్ ఎక్కడం, ఆ ట్రైన్‌లో గజాలగా బ్రహ్మానందం. 2023 చివర్లో సినిమాని మళ్ళీ విడుదల చేసినప్పుడు ఇరవై ఏళ్ళ కిందటి డైలాగుల్ని జనం తెర కంటే ముందే చెప్పేశారు. ఆ ట్రైన్ సీన్లు అంత గట్టిగా నిలబడ్డానికి కారణం చోటు. ఒక రైలు పెట్టె, దిగిపోవడానికి వీల్లేదు, రాత్రంతా ప్రయాణం, ఒకడి గోల ఇంకొకడు భరించాల్సిందే. వైజాగ్ నుంచి హైదరాబాద్ రాత్రి బండిలో ఒక్కసారైనా వెళ్ళినవాళ్ళకి ఆ పెట్టె పరిచయమే, పక్క బెర్తువాడి కబుర్లూ పరిచయమే. వెంకీ గ్యాంగ్ నిజానికి తెలివితక్కువవాళ్ళు కాదు, దుడుకువాళ్ళు. ముందు చేసేసి తర్వాత ఆలోచించే రకం. మన తెలుగు కామెడీలో వెర్రి అంటే చాలాసార్లు ఈ తొందరే.

శ్రీను వైట్ల ఆ తర్వాత ఢీ, రెడీ, దూకుడు దాకా నడిపిన పద్ధతిని ఇండస్ట్రీలో బకరా కామెడీ అంటారు. హీరో తెలివైనవాడు, విలన్ ఇంట్లో దూరతాడు, మధ్యలో ఒక బకరాని పెట్టుకుని కథంతా అతని చేత నడిపిస్తాడు. ఢీలో చారి, రెడీలో మెక్‌డోవెల్ మూర్తి, దూకుడులో పద్మశ్రీ, ముగ్గురూ బ్రహ్మానందమే. ఆ ముగ్గురూ ఎందుకు మోసపోతున్నారో చూస్తే పద్ధతి ఎందుకు పనిచేసిందో తెలుస్తుంది. దూకుడులో పద్మశ్రీని రియాలిటీ షో అని చెప్పి నమ్మిస్తారు, తాను టీవీలో కనిపిస్తున్నానన్న ఆశ అతని కళ్ళకి గంతలు కడుతుంది. అదే సినిమాలో ఎమ్మెస్ నారాయణ వేసిన బొక్కా వెంకట్రావుకి సినిమా నటుడు కావాలన్న పిచ్చి, ఆ పిచ్చి పట్టుకుని అతన్ని ఆడిస్తారు. అంటే ఎవడి ఆశే వాణ్ణి బకరా చేస్తోంది. చూసేవాళ్ళు పద్మశ్రీని చూసి నవ్వుతూనే, తమ చుట్టాల్లో ఎవరో ఒకరిని గుర్తు తెచ్చుకుంటారు, ఒక్కోసారి తమనే గుర్తు తెచ్చుకుంటారు.

ఇదే పద్ధతిని ఆ తర్వాత చాలామంది దర్శకులు ఎత్తుకుపోయారు, ఎత్తుకుపోయినవాళ్ళు బకరాని తీసుకున్నారు గానీ బకరా ఆశని వదిలేశారు. పాత్ర ఎందుకు నమ్ముతోందంటే జవాబు ఉండదు, నమ్మాలి కాబట్టి నమ్ముతుంది. దాని వెనకే ఇంకో పెద్ద దెబ్బ తగిలింది. హీరో గెలవాలంటే విలన్ కూడా బకరా అవ్వాలి, విలన్ బకరా అయితే ప్రమాదం ఉండదు, ప్రమాదం లేకపోతే హీరో నాటకం బయటపడుతుందేమోనన్న కంగారు ఉండదు, ఆ కంగారు పోయిన క్షణమే నవ్వు కూడా పోయింది. 2014లో ఆగడు వచ్చేసరికి శ్రీను వైట్ల చేతిలోనే ఆ సూత్రం పూర్తిగా అరిగిపోయింది. మహేష్ బాబు, తమన్నా, అంత బడ్జెట్, అదే బ్రహ్మానందం ఉన్నా ఆడలేదు. జనానికి బకరా కామెడీ బోర్ కొట్టిందని అప్పట్లో అన్నారు. ఆ మాట సరికాదు. పరమానందయ్య శిష్యుల కథని 1966లో సి.పుల్లయ్య సినిమాగా తీసే నాటికే అది ఎంతో పాత కథ, అయినా ఇప్పటికీ పిల్లలకి చెబితే నవ్వుతారు. బకరా పాతబడడు, కారణం లేకుండా మోసపోయే బకరా మాత్రం రెండో సినిమాకే పాతబడతాడు.

బుల్లితెర స్కిట్ల ప్రభావం గురించి కూడా ఒక మాట. 2013లో జబర్దస్త్ మొదలైన దగ్గర్నుంచి పది నిమిషాల్లో నవ్వించే కళ తెలుగులో చాలామందికి పట్టుబడింది, అది చిన్న విషయం కాదు, ఎంతోమంది ప్రతిభావంతులు అక్కణ్ణుంచి వచ్చారు. అయితే స్కిట్‌లో వెర్రివాడు రేపు ఏమవుతాడో ఎవరికీ అక్కర్లేదు, పంచ్ పడితే చాలు. సినిమాలో అతనికి రేపు ఉండాలి. పదిహేను స్కిట్లు దండగా గుచ్చితే సినిమా అవ్వదు.

హీరో అయిన వెర్రివాడిది వేరే కష్టం. మర్యాద రామన్న 2010లో వచ్చింది, రాజమౌళి దర్శకత్వం, సునీల్ హీరో. పగవాళ్ళ ఇంటి గుమ్మం దాటి బయటికొస్తే చంపేస్తారు, లోపల ఉన్నంతసేపు మర్యాద చేస్తారు, ఆ మనిషి చేసే ప్రతి వెర్రి పనికీ ప్రాణభయమే కారణం. పాత సైకిల్ రవితేజ గొంతుతో మాట్లాడుతూ తోడుంటుంది. సునీల్ ముఖంలో ఆ భయం చూసి నవ్వుతాం గానీ అతను బయటపడాలని మనసారా కోరుకుంటాం. ఆ విజయం తర్వాత సునీల్‌తో సినిమాలు తీసినవాళ్ళలో ఎక్కువమంది ఆ భయాన్ని తీసేసి ఫైట్లు, స్టెప్పులు ఇచ్చారు, ఒళ్ళు తగ్గించి కండలు పెంచిన సునీల్ నిజంగా కష్టపడ్డాడు కూడా. కానీ ఏ బలహీనత చూసి జనం అతన్ని తమవాడనుకున్నారో అది పోయింది. పది మందిని కొట్టగలిగినవాడు అరటితొక్క మీద జారితే నమ్మబుద్ధి కాదు.

ఇక విశాఖలో కూర్చుని కామెడీ చూసేవాళ్ళకి ఒక బాధ ఉంది, అది చెప్పకుండా ఈ విషయం పూర్తవదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో పనివాడు, కాపలావాడు, ఏమీ తెలియని పల్లెటూరి బైతు నోరు విప్పితే చాలాసార్లు వచ్చింది శ్రీకాకుళం యాస. 'ఏటి బావూ' అనగానే నవ్వాలి, ఆ తర్వాత జోక్ ఉందా లేదా అన్నది అనవసరం. తెలంగాణ యాసకీ చాలాకాలం ఇదే గతి పట్టింది. జగదాంబ జంక్షన్‌లోనో గాజువాకలోనో సినిమా చూస్తున్న మనిషి ఇంట్లో అమ్మతో, నాన్నతో మాట్లాడేది ఆ యాసలోనే. పక్కవాళ్ళతో కలిసి అతనూ నవ్వుతాడు, కానీ ఆ నవ్వులో కొంత ముల్లు ఉంటుంది. ఇది మర్యాదకి సంబంధించిన సంగతే గానీ హాస్యానికి సంబంధించిన సంగతి కూడా. యాసని తెలివితక్కువతనానికి గుర్తుగా పెట్టేసిన రచయిత ఇక ఆ పాత్రకి నమ్మకం, ఆశ, లెక్క ఏవీ రాయడు, గుర్తు అతికించాక పని అయిపోయిందనుకుంటాడు. లావు మనిషి, నత్తి ఉన్న మనిషి, చెవుడున్న మనిషి, వీళ్ళ మీద రాసే సీన్లు త్వరగా చచ్చిపోవడానికి కూడా కారణం అదే. మొదటిసారి నవ్వినవాళ్ళు రెండోసారి నవ్వడానికి అందులో ఏముంది?

మన ప్రాంతంలోనే దీనికి విరుగుడు నూటముప్ఫై ఏళ్ళ కిందట దొరికింది. కన్యాశుల్కాన్ని 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడారు. గురజాడ అందులో ఈ నేల మీది వాడుకభాషని తెలివైనవాళ్ళకీ తెలివితక్కువవాళ్ళకీ ఒకేలా ఇచ్చారు. మధురవాణి మాట్లాడేదీ లుబ్ధావధాన్లు మాట్లాడేదీ ఇక్కడి మాటే. అందుకే అక్కడ యాస చూసి నవ్వడం కుదరదు, మనిషిని చూసే నవ్వాలి. వెంకటేశానికి ఇంగ్లీషు వచ్చిందా అని తల్లి వెంకమ్మ సంబరపడి ఏదీ మాట్లాడండర్రా అంటే, గిరీశం, వెంకటేశం పిల్లల ఇంగ్లీషు పద్యం ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు, ఆవిడ మురిసిపోతుంది. ఆ సీన్‌లో వెంకమ్మ అమాయకత్వం వెనక కొడుకు పెద్దవాడవ్వాలన్న తల్లి ఆశ ఉంది, వెంకటేశం తప్పిన పరీక్ష ఉంది, గిరీశానికి ఆ పూట భోజనం అవసరం ఉంది. ముగ్గురూ మూడు అవసరాలతో ఉన్నారు, నవ్వు వాటి మధ్య పుట్టింది.

2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం కామెడీ సినిమా కాదు గానీ ఈ యాస విషయంలో దాన్ని తలుచుకోవాలి. దర్శకుడు వెంకటేష్ మహా ఆ పేటలోని మనుషుల చేతే నటింపజేశాడు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండర్ రాజుని ఊరంతా ఆటపట్టిస్తుంది, హాల్లో నవ్వులు పడ్డాయి, ఆ యాసలోనే పడ్డాయి, కానీ మాట తీరు మీద ఒక్క నవ్వూ పడలేదు. అదే రాజుని పాత పద్ధతిలో రాసి ఉంటే హీరో ఆఫీసులో ఫైళ్ళు తారుమారు చేసి తిట్లు తినే ప్యూన్ అయ్యుండేవాడు, రెండు సీన్ల తర్వాత మాయమయ్యుండేవాడు.

చివరగా, క్లైమాక్స్‌లో వెర్రివాణ్ణి ఏం చెయ్యాలన్నది. చాలా కామెడీలు సెకండాఫ్ చివర్లో చతికిలపడేది ఇక్కడే. వెర్రివాడు ఉన్నట్టుండి తెలివైనవాడై, సెంటిమెంట్ డైలాగు చెప్పి, కన్నీళ్ళు పెట్టిస్తే రెండు గంటలు మనం చూసిన మనిషి ఎటు పోయాడో తెలియదు. అసలు మారకపోతే కథ మొదలైన చోటే ఆగిపోయినట్టుంటుంది. ఈ ముడిని అందంగా విప్పినవాళ్ళలో మొక్కపాటి నరసింహశాస్త్రిగారు ఒకరు. బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకి బయల్దేరిన కుర్రాడు దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు, దారిపొడవునా నవ్వులపాలవుతాడు. అయితే ఆ కథంతా చెబుతున్నది పార్వతీశమే, చదువుకుని బారిష్టరయ్యాక తన వెనకటి రోజుల్ని తానే తలుచుకుని చెబుతున్నాడు. అతనికి తెలివి వచ్చింది, కానీ టోపీ పెట్టుకుని ఓడెక్కిన ఆ కుర్రాణ్ణి అతను ఎక్కడా చిన్నచూపు చూడడు, అప్పుడు తానెందుకలా అనుకున్నాడో పూసగుచ్చినట్టు మనకి వివరిస్తాడు.